పంతులు విగ్రహానికి జాగా

రెండో ప్రపంచయుద్ధం మూడో ఏట, తొలకరికి ముందు, నన్ను నాగర్‌కర్నూల్ తాలూకాకు ఓవర్సీరుగా వేశారు. నాది గద్వాల. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. నిజాం సర్కారులో రోడ్లు, వంతెనలు, సర్కారీ కట్టడాలు చూసే శాఖను తామీరాత్ అనేవాళ్లు. జిల్లాకంతా ఒక పెద్ద ఇంజనీరు, ఆయన కింద రెండు మూడు తాలూకాలకు ఒక మదద్‌గార్, ఆయన కింద మేము, మా కింద మేస్త్రీలు, రోడ్డు గ్యాంగులు. మా మదద్‌గార్ కరీముద్దీన్ సాహెబ్ మొదటిరోజే ఓవర్సీరు పనేమిటో చెప్పేశారు. చూడాలి, కొలవాలి, రాయాలి. నాలుగో పని లేదన్నారు. నేను తలూపాను.

చేరిన నెలలోపే ఒక మిసిల్, అంటే ఫైలు, నా బల్ల మీదికి వచ్చింది. తిమ్మాజిపేట దారిలో గుట్ట కింద ఉన్న ఒక ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీ అది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. అప్పటివాళ్ల పిల్లలు, మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. కేశవ పంతులు అనే రచయితకు ఊళ్లో రాతి విగ్రహం నిలుపుకుంటాం, అనుమతి ఇవ్వండి అని అర్జీ సారాంశం. జాగా సర్కారుది కాబట్టి తామీరాత్ వాళ్లు నేల చూసి, పునాది ఎంత లోతు కావాలో, దిమ్మె ఎంత కట్టాలో రాసి పంపాలి. అలాంటి నివేదికను కైఫియత్ అనేవాళ్లం.

కేశవ పంతులు ఆ ఊరివాడు కాదు. ఇరవై అయిదేళ్ల వయసులో అక్కడికి బడిపంతులుగా వచ్చి తొమ్మిదేళ్లున్నాడు. తరవాత పట్నం వెళ్లాడు. అక్కడ రాసిన నవలతో తెలుగు జిల్లాలన్నిటా పేరు మోగిపోయింది. ఆ నవల నేను చదువుకునే రోజుల్లో మా హాస్టల్లో చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది. దాంట్లో ఉన్నదంతా ఈ ఊరి కూలీల కథే. పంటలు ఇంటికొచ్చాక మూటా ముల్లే కట్టుకుని, గుంపు మేస్త్రీ వెంట దూరదేశాల్లో కట్టలు పోయడానికి, కాలువలు తవ్వడానికి పోయే ఆడామగా కథ. ఆయన పోయిన కబురు తెలిశాక ఊరు రెండేళ్లు ఆలోచించి ఈ పనికి పూనుకుంది.

మిసిల్‌లో అర్జీ వెనక ఒక పట్టీ కుట్టి ఉంది. ఏ ఇల్లు ఏమిచ్చిందో దాంట్లో రాశారు. సర్కారును ఏమీ అడగలేదు. కాపులు ఎడ్లను, బండ్లను, పనివాళ్లకు జొన్నలను ఇచ్చారు. వడ్లవాళ్లు దుంగలు చెక్కి ఇచ్చారు. కూలి చేసుకునే ఇళ్లవాళ్లు ఇవ్వడానికి ఇంకేముంటుంది, పని ఇచ్చారు. రాళ్లు పగలగొట్టే పని వాళ్లు దూరదేశంలో కట్టల మీద నేర్చుకున్నదే. ఎనిమిది నెలల తరవాత ఇంటికొచ్చి, నడుము వాల్చే రోజుల్లో, గుట్ట మీద బండకు వరసగా బెజ్జాలు కొట్టి, ఇనుప చీలలు దిగగొట్టి, ఒకే చెక్కగా రాయిని విడదీశారు. ఆ పట్టీ చదివాకే నేను సైకిలు తీశాను.

ముందు గుట్ట దగ్గరే ఆగాను. అక్కడ తాటాకు పందిరి కింద శిల్పి వీరాచారి పని చేస్తున్నాడు. ఆయన మా గద్వాల వైపు మనిషి, అరవై దగ్గర పడ్డవాడు. తన చదువు అంతంతమాత్రమే అయినా పంతులు నవలను మనవరాలితో చదివించుకుని విన్నాడట. విగ్రహం మాట చెవిన పడగానే ఉలులు సంచిలో వేసుకుని తనే వచ్చేశాడు. రాయి అప్పటికే సగం మనిషయింది. నేను కలం, పుస్తకం, శాలువా ఉంటాయనుకున్నాను. అవేవీ లేవు. బోడితల మనిషి ఒక రాతిగుండు మీద కూర్చుని, మెడ ఒక పక్కకు వంచి, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు ఉన్నాడు.

ఇదేమిటని అడిగాను. వీరాచారి ఉలి పక్కన పెట్టి, రాయికి నీళ్లు చల్లుతున్న ఒక మనిషిని చూపించాడు. "గామెనడుగున్రి సారూ. గట్ల చెక్కుమన్నది గామెనే."

ఆమె పేరు బాలమ్మ. యాభై ఏళ్లుంటాయి. కూలి గుంపులో ఆడవాళ్లకు పెద్ద. ఆమె కొంగు సర్దుకుని, "పంతులు రాస్తుంటె ఊర్లె ఎవ్వరు జూడలే సారూ," అంది. "ఇంటుంటె జూసినం. మా అవ్వ చెప్తుంటె జాముల కొద్ది గట్లనే కూసునేటోడు." అవ్వ అంటే మా వైపు తల్లే.

నేను అంతవరకు ఎన్నో దిమ్మెలకు బరావర్దులు, అంటే అంచనాలు, వేశాను. ఆ దిమ్మెల మీద నిలిచేది ఎవరో పట్టించుకున్నది లేదు. ఆ రోజు పట్టించుకున్నాను.

ఊళ్లో మాలీ పటేలు, అంటే శిస్తు వసూలు చేసే పెద్ద, రాంరెడ్డి ఎదురొచ్చాడు. విగ్రహం కమిటీకి ఆయనే పెద్ద. మంచి దీక్ష ఉన్న మనిషి. ఆయన తిరక్కపోతే ఆ అర్జీ జిల్లా దాకా పోయేదే కాదు. ఆ సంగతి ఇప్పుడు కూడా ముందుగా చెప్పుకోవాలి. జాగా ఆయనే చూపించాడు. చావడి ముందరి ఆవరణ. చుట్టూ నిలువెత్తు ప్రహరీ, ఒక పక్క గుడి గోడ, ముందు చెక్క దర్వాజా. శుభ్రంగా, నీటుగా ఉంది. మా నిబంధన ప్రకారం ఒక జాగా చాలదు. అది పనికిరాకపోతే ఇంకోటి ఏదో కైఫియత్‌లో చూపాలి. నేను అడిగితే పటేలు ఊరి బయట బండ్ల దారి పక్కన కొంచెం ఎత్తుగా ఉన్న నేలను నిర్లక్ష్యంగా చూపించాడు. ఏటా కూలి గుంపులు మూటలతో జమయ్యేదీ, మేస్త్రీలు పేర్లు పిలిచేదీ అక్కడేనట.

నేల చూడడమంటే గుంత తవ్వడమే. నాలుగడుగులు తవ్వి, పొరలు కొలిచి, అడుగున గడ్డపారను నిలువుగా ఎత్తి వదలాలి. ఎంత దిగితే నేల అంత మెత్తన. తరవాత గుంత నిండా నీళ్లు పోసి, మర్నాడు అడుగు కుంగిందేమో చూడాలి. విగ్రహం, దిమ్మె కలిసి నాలుగు టన్నులకు తగ్గవు. నేల ఒక పక్క అంగుళం కుంగినా పంతులు ఊరి మీదికి వాలిపోతాడు.

చావడి ముందర గుంత తవ్వడానికి బాలమ్మ వాళ్లనే పిలిపించారు. ఇద్దరు మగవాళ్లు తవ్వుతుంటే ఆమె మట్టి ఎత్తిపోసింది. అడుగున్నర ఎర్రచెలక, ఆ కింద గట్టి మొరం. గడ్డపార రెండంగుళాలు కూడా దిగలేదు. పునాదికి అంతకన్న మంచి నేల దొరకదు. నేను కొలత పుస్తకంలో రాసుకుంటుంటే బాలమ్మ తట్ట కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"సారూ, ఒక మాట అడుగుదునా? గుంత తవ్వనీకి మమ్ముల లోపలికి రమ్మన్నరు, వచ్చినం. రేపు బొమ్మ నిలవడ్డంక గూడ రావచ్చునా?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవడానికే అడిగింది. మామూలు రోజుల్లో వాళ్లు ఆ దర్వాజా దాటరని నాకు అప్పుడే తట్టింది. గుడి గోడ పక్కనే ఉంది, వాళ్లదేమో ఊరవతలి వాడ. పటేలును అడగమన్నాను.

"పటేల్ను అడిగెటట్టుంటె మిమ్ముల అడుగుదునా సారూ," అని ఆమె మళ్లీ తట్ట ఎత్తుకుంది.

మర్నాడు బండ్ల దారి పక్క గుంత చూశాను. అక్కడా మొరమే. మూడడుగుల కింద బండ తగిలింది. రెండు గుంతల్లోనూ నీళ్లు పోసినా నేల చెక్కుచెదరలేదు. నా కొలతల ప్రకారం రెండు జాగాలూ సమానం. అర్జీలో అడిగింది మొదటిదాన్ని. దానికే సరేనని రాసేస్తే నా పని అయిపోయినట్టే.

తిరిగి పోతూ గుట్ట దగ్గర వీరాచారితో బాలమ్మ అడిగిన మాట చెప్పాను. ఆయన పందిరి బయటికి ఒకసారి తొంగి చూశాడు. తరవాత గొంతు తగ్గించాడు. "సారూ, మీ చేతిలనే ఉన్నది గద. చావడి కాడ నేల మెత్తగున్నది, బొమ్మ ఆగదు అని ఒక్క ముక్క రాయున్రి. ఎవ్వరికి నొప్పి తాకదు. పటేలుకు కోపం రాదు. పంతులు తనంతల తనే దారి కాడికి వస్తడు."

ఆ ఉపాయం నాకు నచ్చలేదని చెబితే అబద్ధమవుతుంది. చాలా నచ్చింది. ఆ రోజంతా దాన్నే తిప్పి తిప్పి ఆలోచించాను. నాగర్‌కర్నూల్‌లో కైఫియత్ రాయడానికి కూర్చుని, కొలతల కాలమ్ దగ్గర కలం ఆపాను. ఓవర్సీరు రాసిన కొలతను పైవాళ్లు మళ్లీ కొలవరు. దాన్ని నమ్మి వంతెనలు కడతారు, వాటి మీద మనుషులు నడుస్తారు. ఒక మంచి పనికి ఒకసారి తప్పు రాసినవాడు, ఇంకోసారి ఇంకో మంచి కారణం వెతుక్కోడని నమ్మకమేమిటి? ఇంకో సంగతి కూడా ఉంది. నేల మెత్తనని రాస్తే బాలమ్మ అడిగిన మాటకు ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు. ఆమె అడిగింది నేల గురించి కాదు.

అందుకని కొలతల కాలమ్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను. రెండు జాగాలూ యోగ్యమే. కైఫియత్‌లో చివరన 'రాయ్' అని ఒక కాలమ్ ఉంటుంది. అంటే రాసేవాడి అభిప్రాయం. సాధారణంగా ఓవర్సీర్లు అక్కడ 'మునాసిబ్', అంటే తగును, అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. నేను ఆరు వరసలు రాశాను. ఈ విగ్రహం ఊరందరిదని పట్టీ చెబుతున్నదని, రాయి తీసినవాళ్లు, మోసేవాళ్లు మొదటి జాగాలోకి రాలేరని, వాళ్ల గురించే పుస్తకం రాసిన మనిషి విగ్రహాన్ని వాళ్లు చూడలేని చోట నిలపడం సబబు కాదని, రెండో జాగా మేలని రాశాను. కింద సంతకం పెట్టాను.

ఒక నకలు నిబంధన ప్రకారం అర్జీదారుకు పోయింది. మూడోరోజు పొద్దున్నే పటేలు రాంరెడ్డి మా ఆఫీసు ముందర గుర్రం దిగాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఓవర్సీర్ సాబ్, మిమ్ముల నేల జూడమన్నమా, మా ఊరి ఎవ్వారం జూడమన్నమా? రెండేండ్ల సంది తిరుగుతున్న నేను. గీ ఆరు వరసలతోని నన్ను దొంగను జేసినరు."

"మిమ్మల్ని ఒక్క మాట అనలేదు పటేలుగారూ. పట్టీలో ఉన్నదే రాశాను. ఆ పట్టీ మీరు రాయించిందే."

ఆయన నా ముఖం వైపు చూసి, గుర్రమెక్కి వెళ్లిపోయాడు. నా మాట ఆయనకు తగిలిందో, కోపం ఇంకా పెరిగిందో తెలియలేదు. ఆ తరవాతి వారం కరీముద్దీన్ సాహెబ్ నన్ను పిలిపించారు. మిసిల్ ఆయన ముందు తెరిచి ఉంది.

"ఏందయ్యా ఇది? మట్టి గురించి అడిగితే మనుషుల గురించి రాసినవ్."

"మట్టి గురించి కొలతల కాలమ్‌లో రాశాను సాహెబ్. దాంట్లో తప్పుంటే శిక్షించండి. రాయ్ కాలమ్‌లో నా రాయ్ రాశాను."

"అక్కడ అడిగేది పునాది గురించి."

"పునాది మోసేది విగ్రహాన్ని సాహెబ్. విగ్రహం ఉండేది చూసేవాళ్ల కోసం."

ఆయన మిసిల్ మూసేశారు. కోప్పడతారనుకున్నాను. ఆయన అడిగింది వేరు. ఏ జాగానైనా వద్దనడానికి నేలలో ఏదైనా వంక దొరికిందా అన్నారు. లేదన్నాను. "వంక దొరికి ఉంటే నీకు సులువయ్యేది," అని కొంచెం నవ్వి, తనే ఊరికి వస్తానన్నారు.

పెట్రోలు దొరకని రోజులు. ఆయన గుర్రం మీద, నేను సైకిలు మీద వెళ్లాం. చావడిలో కుర్చీలు వేసి ఉన్నాయి. మదద్‌గార్ సాహెబ్ గుర్రం దిగకుండానే, పట్టీలో పేర్లున్నవాళ్లంతా రావాలి, అందరూ రాగలిగిన చోటే మాట్లాడదాం అన్నారు. అందరూ రాగలిగిన చోటు ఒక్కటే ఉంది. అందుకని ఊరంతా, కాపులు, పటేలు, కుర్చీలతో సహా, బండ్ల దారికి నడిచింది.

సాహెబ్ పట్టీ నాకిచ్చి చదవమన్నారు. ఇంటి పేరు, మనిషి పేరు, ఇచ్చింది ఏమిటి. పేరు చదివినప్పుడు ఆ మనిషి లేచి నిలబడాలి. 'మన్నెపు బాలమ్మ, రాయి తీయడం, నీళ్లు మోయడం' అని చదివేసరికి ఆమె లేచింది. సర్కారు కాగితంలో తన పేరు అంతమంది ముందు చదవడం అదే మొదటిసారని ఆమె తరవాత నాతో అంది. సగం పట్టీ బాలమ్మ వాడ పేర్లే. చదవడం అయ్యేసరికి ఊళ్లో సగంమంది నిలబడి ఉన్నారు.

పటేలు తన వాదన దాచుకోలేదు. అది కొట్టిపారేసేది కూడా కాదు. "చావడి కాడైతె కాపల ఉంటది సాహెబ్. గీడ బండ్లు తాకుతయి, పసులు రుద్దుకుంటయి. జర ఆలోచించున్రి."

బాలమ్మ అంది, "కాపల మేముంటం పటేలా."

"ఏడుంటరే? ఏడాదిల ఎనిమిది నెల్లు ఊర్లనే ఉండరు గద మీరు."

"మేం లేనప్పుడు మీరుండున్రి. ఉన్నప్పుడు మేముంటం. మీకు ఒక్కలకే పరేషాన్ ఎందుకు, పంతులు అందరోడు గద."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పటేలు నవ్వలేదు. ఆయన బండ్ల దారి వైపు తిరిగాడు. అటే చూస్తూ మాట్లాడాడు. కానీ మాతో కాదు, తనలో తను అనుకున్నట్టు.

"నన్ను గూడ గీడికే తోల్కొచ్చెటోడు పంతులు. గుంపు బైలెల్లిన నాడు బడి గీడనే వెట్టిండు. ఎవరెవరు పోతుండ్రో పేర్లు రాయిరా రామా అన్నడు. పలక మీద రాసిన. నేను రాసిన మొదటి పేరు గీ బాలమ్మ వాళ్ల అవ్వది." ఆయన సాహెబ్ వైపు తిరిగాడు. "గీడనే నిలవెట్టున్రి సాహెబ్. నాకు గుర్తు రాకపాయె."

ఇంతే జరిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సాహెబ్ అక్కడే బల్ల వేయించి, రెండో జాగాకు అనుమతి అని రాసి సంతకం చేశారు.

యుద్ధం వల్ల సిమెంటు దొరకలేదు. పునాది, దిమ్మె డంగు సున్నంతో కట్టించాను. సున్నం, ఇసుక గానుగలో ఎడ్లతో నూరించి, వెన్న లాగా అయ్యాక వాడాం. మూడు వారాలు తడిపాం. ఆ తరవాత గుట్ట నుంచి విగ్రహం తేవాలి. గుట్టను చుట్టి వచ్చే దారి రెండు మైళ్లు. చక్రాలు లేని చెక్క చట్రం మీద రాతిని పండబెట్టి, కింద దుంగలు వేసి దొర్లించాం. ముందు పటేలు ఎడ్లతో కలిపి ఎనిమిది జతలు. వెనక మోకులు పట్టుకుని బాలమ్మ గుంపు. కట్టల మీద పెద్ద రాళ్లను కదిలించినవాళ్లు కాబట్టి, ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆపాలో వాళ్లే కేక వేసేవాళ్లు. కాపులు ఆ కేకకు ఎడ్లను అదిలించేవాళ్లు. వాగు దగ్గర చట్రం ఒక పక్కకు ఒరిగినప్పుడు నేను చేసిందేమీ లేదు. పటేలు చొక్కా తీసి పక్కన పడేసి, మోకు పట్టుకోవడానికి ఆ గుంపులోకి దూరాడు. భుజానికి భుజం ఆనించి నిలబెట్టారు దాన్ని. నా ముప్పైమూడేళ్ల సర్వీసులో చాలా బరువులు ఎత్తించాను. అంత మంచి పని మళ్లీ చూడలేదు.

దిమ్మె మీదికి ఎత్తడానికి మూడు దూలాలతో ముక్కాలి నిలిపి, చైను కప్పీ వేలాడదీశాం. అంగుళం అంగుళంగా లేచింది. పంతులు తన దిమ్మె మీద కూర్చున్నాక, నేను నాలుగు వైపులా నీటిమట్టం పెట్టి చూశాను. బుడగ గాజుగొట్టం నట్టనడుమ ఆగింది. ఆయన ముఖం దారి వైపు. మెడ ఒక పక్కకు వంచి, ఆ దారిన పోయేవాళ్ల మాట వింటున్నట్టే ఉన్నాడు. బాలమ్మ దిమ్మె మీద అరచేయి ఆనించి, అలాగే కాసేపు నిలబడింది. వీరాచారి అన్నం తినకుండా చుట్టూ తిరుగుతూ ఉన్నాడు. పటేలు వచ్చి నాతో, "చావడి కాడైతె గింతమంది చూడకపోదురు సాబ్," అన్నాడు. క్షమాపణ అడగడం ఆయనకు అలవాటు లేదు. నాకు అదే చాలు.

నెల తిరిగాక నాకు ఒక కాగితం వచ్చింది. కైఫియత్‌లో అడగని విషయాల మీద రాయ్ ఇచ్చినందుకు తంబీహ్, అంటే మందలింపు. ఇకముందు అలా చేయరాదు అని ఉంది. కింద కరీముద్దీన్ సాహెబ్ సంతకం. అదే పూట ఆయన మనిషి ఇంకో మిసిల్ తెచ్చాడు. వనపర్తి వైపు ఒక వంతెనకు నేల చూడాలట. అప్పటిదాకా అలాంటి పెద్ద పని నా చేతికి ఇవ్వలేదు. నేను అడిగితే సాహెబ్ ఇంతే అన్నారు: "తంబీహ్ రూలు ప్రకారం. వంతెన నీ కొలత ప్రకారం."

నా సర్వీసు రికార్డులో ఉన్న తంబీహ్ అదొక్కటే. రిటైరయ్యేటప్పుడు దాన్ని తీసేయమని అర్జీ పెట్టుకోవచ్చని గుమాస్తా చెప్పాడు. పెట్టుకోలేదు. ఆ పనిలో నేర్చుకున్నది ఇది. కొలతల కాలమ్‌లో మనకు ఇష్టమైనది రాయకూడదు. రాయ్ కాలమ్‌లో మనకు తెలిసింది దాచకూడదు. నా కింద పనిచేసిన ప్రతి ఓవర్సీరుకూ ఈ రెండూ వేరు వేరని చెప్పాను. కొందరు విన్నారు.